ఆకుపచ్చ వైరు

దుప్పటి పిండడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. డిటెక్టివ్ ఒక కొసని పెరటి గుంజకి చుట్టి, రెండో కొసని మెలితిప్పుతూ దానితో కుస్తీ పడుతుండగా వాకిట్లో ఎవరో చెప్పులు విడిచిన చప్పుడయింది. వచ్చినావిడ పలకరించలేదు. కొంగు బొడ్లో దోపుకుని, గుంజకున్న కొస విప్పి చేతిలోకి తీసుకుంది.

"మీరు అటు తిప్పండక్కా. నేను ఇటు తిప్పుతా."

నీళ్ళు జలజలా కారాయి. ఏడ్చి ఏడ్చి ఆవిడ కళ్ళు బూరెల్లా ఉబ్బాయి కానీ చేతుల్లో బిగువు తగ్గలేదు. దుప్పటి తాడంత సన్నబడ్డాక డిటెక్టివ్ అడిగింది.

"ఎవరమ్మా నువ్వు?"

"రేవు పక్కన షెడ్డులో పడవ మోటార్లు బాగుచేసే ఆయన భార్యని. ఆయన్ని నిన్న స్టేషన్‌కి పట్టుకుపోయారు. ఈ సాయంత్రం కోర్టులో నిలబెడతారట."

"ఏం చేశాడని?"

"మా వదిన మొగుడు, అంటే మా ఆయనకి సొంత బావ, పడవ నడుపుతాడు. మొన్న పొద్దున రేవులో మోటారు వేశాడట. గేరు వెయ్యకుండానే పడవ ముందుకి ఉరికింది. ఆ అన్నయ్యకి ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు పడవలో. ఎప్పుడూ అలాగే నిలబడి తాళం తిప్పుతాడు. కింద పడ్డాడు, తలకి రాతి మెట్టు తగిలింది. అంతే. ఆ మోటారు గేరు ముందురోజు బాగుచేసింది మా ఆయనే."

"నీ మొగుడు ఏమంటున్నాడు?"

"నా చేతి పనే అంటున్నాడక్కా! అదే నాకు మింగుడుపడటం లేదు. పాలు పొంగిపోతే పొయ్యిది తప్పంటాడు కానీ నాదని ఏనాడూ అన్లేదు. చేసిన తప్పే ఒప్పుకోని మనిషి, చెయ్యనిది ఒప్పుకుంటున్నాడు."

"చెయ్యలేదని నీకెలా తెలుసు?"

ఆవిడ దుప్పటి దులిపి తాడు మీద వేసింది. "పని కుదరకపోతే ఆయనకి ముద్ద దిగదు. ఆరోజు రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. కూనిరాగం కూడా తీశాడు." దుప్పటి అంచులు సరిచేసింది. "మా వదిన ఆయన్ని గుమ్మం ఎక్కనివ్వలేదు. బావ మొహం ఆఖరుసారి చూస్తానన్నా రానివ్వలేదు. రేపు జైలుకి పోతే ఆ చేతికి ఇంకెవరు మోటారిస్తారు? ఆయన మాత్రం ఏ చేతుల్తో బతుకుతాడు?"

డిటెక్టివ్ తడిచేతులు కొంగుకి తుడుచుకుంది. బకెట్లో ఇంకా సగం బట్టలున్నాయి. వాటిని అలాగే వదిలేసి చెప్పులు వేసుకుంది.

*

స్టేషన్‌లో ఇన్‌స్పెక్టరు ఆమెని చూడగానే కుర్చీలోంచి లేవబోయి, అంతలోనే గుర్తొచ్చినట్టు మళ్ళీ కూర్చున్నాడు. ఒకప్పుడు ఆమె కింద పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు ఆ కుర్చీ తనదని మర్చిపోవడం అతనికిష్టం లేదు.

"రండి మేడమ్. రిటైరయ్యారు, హాయిగా విశ్రాంతి తీసుకుంటున్నారనుకున్నా."

"తీసుకునేదాన్నే. నువ్వు తీసుకోనిస్తేగా."

"ఇందులో మీరు చూడ్డానికి ఏమీ లేదు. ముద్దాయే ఒప్పుకున్నాడు. వండి వడ్డించిన కేసు."

"వండిందెవరో తెలుసుకోకుండా తినే అలవాటు నీకు మొదట్నుంచీ ఉంది," అంది డిటెక్టివ్. "అతనితో రెండు మాటలు మాట్లాడతా. నువ్వూ వినొచ్చు."

ఇన్‌స్పెక్టరు నవ్వి చెయ్యి చూపించాడు. నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

మెకానిక్ గోడకి జారగిలబడి కూర్చుని ఉన్నాడు. పక్కన పళ్ళెంలో అన్నం ముట్టుకోలేదు. గోళ్ళ సందుల్లో నల్లటి నూనె, బొటనవేలి మీద పాత కాలిన మచ్చ. మణికట్టుకి నల్ల టేపు చుట్ట ఒకటి గాజులా వేలాడుతోంది. దాన్ని ఎవరూ తీయించలేదు, అతనూ తియ్యడం మర్చిపోయాడు.

"మీ ఆవిడ పంపింది," అంటూ డిటెక్టివ్ నేల మీదే ఎదురుగా కూర్చుంది. "ఆ మోటారుకి వచ్చిన జబ్బేంటి?"

జబ్బు అనేసరికి అతని మొహంలో కొంచెం ప్రాణం వచ్చింది.

"రివర్స్ పడటం లేదమ్మా. మామూలు మోటారుకైతే గేరు మార్చడానికి ఇనప కడ్డీ ఉంటుంది. దీనికి ఉండదు, అంతా కరెంటే. చేతి దగ్గర మీట నొక్కితే, రెండు వైర్లు కిందికి, నీళ్ళలో ఉండే గేరు పెట్టెలోకి వెళ్తాయి. ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం. వాటి తొడుగులు ఎండి పగిలాయి. నీళ్ళు తగిలి కరెంటు దారిలోనే పోతోంది. పాడైన ముక్కలు కోసేసి, కొత్తవి వేసి, అతుకులు పెట్టాను."

"అతుకు ఎలా పెట్టావు?"

"రెండు కొసలకీ కొక్కేల్లాంటి బిళ్ళలుంటాయి. ఒకదాన్లో ఒకటి దూరి బిగుసుకుంటాయి. పైన రబ్బరు తొడుగు. సబ్బునీళ్ళు రాస్తే కానీ ఎక్కదు, ఎక్కిందంటే ఊడదు. పెట్టాక గట్టిగా లాగి చూస్తా..." మాట మధ్యలో ఆగాడు. "ఆరోజు చూడలేదు. అందుకే ఆకుపచ్చది ఊడింది. నా చేతి పనే."

"ఊడితే పడవ ముందుకెందుకు ఉరుకుతుంది? ఆగిపోవాలి కదా?"

"దీని తీరంతేనమ్మా. ఆకుపచ్చ వైరుకి కరెంటు వెళ్తేనే న్యూట్రల్, పడవ కదలదు. రెండిటికీ వెళ్తే వెనక్కి. దేనికీ వెళ్ళకపోతే ముందుకి. నడి ఏట్లో కరెంటు పోయినా మనిషి ఇల్లు చేరాలని అలా చేశారు." అతను తల అడ్డంగా ఊపాడు. "బావ అంతకుముందు వాడిన మోటారు వేరే రకం. పైకి చూస్తే రెండూ కవలపిల్లల్లా ఉంటాయి. అవే రంగుల వైర్లు. కానీ దానికి ఆకుపచ్చది ఊడితే మోటారు అరవడమే తప్ప పడవ అంగుళం..."

చటుక్కున నాలుక కరుచుకున్నట్టు నోరు మూసుకున్నాడు.

గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. డిటెక్టివ్ ముందుకి వంగి నెమ్మదిగా అడిగింది.

"ఈ తేడా మీ ఇళ్ళల్లో ఎవరెవరికి తెలుసు?"

"బావకీ నాకూ."

"ఇంకెవరికీ తెలీదా?"

"తెలీదు." చూపు దించేసుకున్నాడు. "ఎవరికీ తెలియక్కర్లేదు కూడా."

"అతుకు మీద ఏం చుట్టావు?"

"ప్లాస్టరు."

"మణికట్టుకి నల్ల టేపు పెట్టుకుని ప్లాస్టరెందుకు చుట్టావు?"

"అప్పటికి చేతికి అందింది."

"ఏ రంగు?"

"తెలుపు. దెబ్బలకి వేసేది." ఎక్కడో కంఠస్థం చేసిన పాఠంలా చెప్పాడు. తర్వాత ఉన్నట్టుండి డిటెక్టివ్ కాళ్ళ వైపు వంగాడు. "అమ్మా, మా ఆవిడకి నచ్చజెప్పండి. మీరు ఇంక దీన్ని తవ్వొద్దు. నేను చేశాను, నేను పడతాను. ఎవరికీ ఏం కాదు."

"నీకు అవుతుంది కదయ్యా."

"నాకైతే ఫర్వాలేదు," అన్నాడతను. ఆ ఒక్క మాటలో మాత్రం అబద్ధం లేదు.

*

రేవులో పడవని రెండు తాళ్ళతో కట్టి పోలీసులు సీలు వేశారు. ఇన్‌స్పెక్టరు స్వయంగా సీలు విప్పి, మోటారు మీది మూత ఎత్తాడు.

"చూడండి మీ పనిమంతుడి పనితనం. కరెంటు వైరుకి కట్టు కట్టాడు! మోటారుకి గాయమైందనుకున్నాడేమో."

కానిస్టేబుల్ పకపకా నవ్వాడు. డిటెక్టివ్ నవ్వలేదు. కళ్ళజోడు పెట్టుకుని వంగింది.

నీలం వైరు అతుకు మీద రబ్బరు తొడుగు నున్నగా, బిగుతుగా ఉంది. ఆకుపచ్చ వైరు రెండు కొసలూ విడివిడిగా ఉన్నాయి. తొడుగు చిరగలేదు, పక్కకి జరిపి ఉంది. దాని లోపలి అంచున సబ్బు ఎండి తెల్లటి గీతలా కనబడుతోంది. కింది నుంచి వచ్చే వైరు కొసకి తెల్ల ప్లాస్టరు మూడు చుట్లు చుట్టి ఉంది.

"దీన్నెవరూ ముట్టుకోలేదు కదా?"

"రేవు కాపలావాడు తాళం తిప్పి మోటారు ఆపాడు. తర్వాత మెకానిక్ పరిగెత్తుకొచ్చి మూత ఎత్తి చూశాడు. చూసినవాడు చూసినట్టే కూలబడ్డాడట. మేం వచ్చేసరికి నా చేతి పనే, నా చేతి పనే అంటున్నాడు."

"మోటారు వేసి చూద్దాం. మీట న్యూట్రల్‌లోనే ఉంచు. తాళ్ళు గట్టిగా ఉన్నాయా?"

కానిస్టేబుల్ పడవలో అటూ ఇటూ చూసి, కొయ్యని కావలించుకున్నట్టు పట్టుకుని తాళం తిప్పాడు. మోటారు ఒక్కసారి దగ్గి, గర్జించింది. మరుక్షణం పడవ ముక్కు మెట్టుకేసి ఢీకొట్టింది. తాళ్ళు బిగిసి మూలిగాయి. "ఆపు, ఆపు!" అని ఇన్‌స్పెక్టరు కేకేశాడు.

డిటెక్టివ్ ప్లాస్టరు వెంటనే విప్పలేదు. దాని కొస దగ్గర వేలు పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత జేబురుమాలులో పట్టుకుని మెల్లగా ఊడదీసింది. రెండు బిళ్ళలూ కలిపి నొక్కింది. టక్కుమని దూరాయి. పట్టుకుని లాగింది, రాలేదు. ఇంకా గట్టిగా లాగింది, ఊహూఁ.

"మళ్ళీ వెయ్యి."

ఈసారి మోటారు అదే గొంతుతో అరిచింది కానీ పడవ నీళ్ళ మీద నిద్రపోతున్న బాతులా ఉన్నచోటే ఊగింది.

ఇన్‌స్పెక్టరు చేతులు కట్టుకున్నాడు. "థాంక్స్ మేడమ్. నా కేసు మీరే నిరూపించారు. వైరు ఊడింది, పడవ ఉరికింది, మనిషి పోయాడు. అతుకు పెట్టింది వాడు."

"ఊడిన వైరుకి ఎవరైనా ప్లాస్టరు చుడతారా?"

"అంటే?"

"అతుకు జారిపోతే ప్లాస్టరు రెండు కొసలకీ సగం సగం అంటుకుని చిరిగి ఉండాలి. ఇది ఒక్క కొసకే చుట్టారు, టోపీ పెట్టినట్టు. అంటే ముందు వైరు తీశారు, తర్వాత చుట్టారు. తొడుగు సబ్బు రాసి జరిపారు, కొయ్యలేదు. చంపాలనుకున్నవాడు వైరు కోసి పారేస్తాడు. ఇది తీసినవాళ్ళు దాన్ని మళ్ళీ పెట్టాలనుకున్నారు. తడి తగలకుండా దాచారు."

ఇన్‌స్పెక్టరు నవ్వు ఆరిపోయింది. అతను మొండివాడే కానీ మొద్దు కాదు. రుమాల్లోని ప్లాస్టరు ముక్కని ఎండకి ఎత్తి చూశాడు.

"కొస మడిచి ఉందేంటి?"

"తీసేటప్పుడు గోటితో పీకి చర్మం లాగెయ్యకుండా అలా మడిచి వదులుతారు. రోజూ ఒకరికి కట్టు మార్చే చేతికి ఆ అలవాటు వస్తుంది."

ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. ఆ మాట అనకుండా ఉండాల్సిందని డిటెక్టివ్‌కి అప్పుడు తోచింది. నోరు జారాక ఏం లాభం?

"పోయిన మనిషి గుండెనొప్పితో ఆసుపత్రిలో ఉండి వచ్చాడు," అన్నాడు ఇన్‌స్పెక్టరు నెమ్మదిగా. "చేతికి సూది పెట్టిన చోట పుండు పడితే ఇంట్లో రోజూ కట్టు మార్చారు. శవం మణికట్టు మీద నేనే చూశాను, ఇదే ప్లాస్టరు." రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "జీపు తియ్యండి."

"ఆగు."

"ఇంక ఆగేదేముంది? పెళ్ళాం మొగుణ్ణి..."

"ఆ మాట పూర్తి చెయ్యకు." డిటెక్టివ్ అతని దారికి అడ్డంగా నిలబడింది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆమె గొంతులో పాత అధికారం పలికింది. "పాత మోటారుకీ దీనికీ తేడా బావకీ బామ్మర్దికీ తప్ప ఎవరికీ తెలీదన్నాడు. విన్నావుగా? అతను మూత ఎత్తి చూసి ఎందుకు కూలబడ్డాడో, ఎవరి కోసం అబద్ధమాడుతున్నాడో నీకింకా అర్థం కాలేదా? నన్ను ముందు లోపలికి వెళ్ళనివ్వు. ఒక్కదాన్నే."

"ఎందుకు వెళ్ళనివ్వాలి?"

"హంతకుల్తో మాట్లాడ్డం నీకు నేర్పాను. ఇది నేర్పలేదు."

ఇన్‌స్పెక్టరు ఏటి వైపు చూశాడు. "ఒక టీ తాగి వస్తాను. అంతే టైము," అన్నాడు.

*

ఇల్లు రేవుకి కూతవేటు దూరం. తలుపు తీసే ఉంది. వితంతువు ముందుగదిలో నేల మీద కూర్చుని, మందుల అలమర ఖాళీ చేస్తోంది. మాత్రల పొట్లాలు ఒకవైపు, సీసాలు ఒకవైపు. తెల్ల ప్లాస్టరు చుట్ట ఆమె మోకాలి పక్కనే ఉంది. దాన్ని దాచే ప్రయత్నమేమీ చెయ్యలేదు.

"మా తమ్ముడి తరఫున వచ్చుంటే గడప దాటకండి," అంది తలెత్తకుండా.

"నీ దగ్గర తెలుసుకోవాలని వచ్చానమ్మా."

"తెలుసుకోడానికేముంది? వాడికి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఒరేయ్, ఆ మోటారు బాగుచెయ్యకురా, అది పాడైతేనే మీ బావ ఇంటిపట్టున ఉంటాడు, రెండు నెలలు పడవ ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు అని. బావ ఒక్క కసురు కసిరితే వెళ్ళి చేసేశాడు. వాడికి బావంటే దేవుడు. అక్కంటే లెక్కలేదు." ఒక సీసా మూత బిగించి పక్కన పెట్టింది. "చేసినవాడు సరిగ్గా ఏడ్చాడా? అదీ లేదు."

డిటెక్టివ్ గడప అవతలే చతికిలబడింది. "వాడు చేశాక నువ్వు ఊరుకున్నావా?"

వితంతువు చేతులు ఆగాయి. మొహంలో భయం లేదు. అమ్మకి తెలియకుండా డబ్బాలో బెల్లం తిన్న పిల్లలాంటి సిగ్గు ఉంది.

"ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరూ చెప్పలేదు."

"ఊరుకోలేదు. ఆయన స్నానానికి వెళ్ళగానే రేవుకి పరిగెత్తాను. ఆకుపచ్చ వైరు తీసేశాను." గొంతు తగ్గించింది. "ఆయన మాటకి అడ్డం వెళ్ళానని నలుగురికీ తెలియడం ఎందుకని పోలీసులకి చెప్పలేదు. వాళ్ళూ అడగలేదు."

"ఆకుపచ్చదే ఎందుకు తీశావు?"

"నాకు తెలుసుగా! పాత మోటారు ఉన్నప్పుడు ఒకసారి నడి ఏట్లో అదే ఊడింది. మోటారు గొంతు చించుకుంటోంది, పడవ కదిలితే ఒట్టు. ఎండలో ఇద్దరం అలా కూర్చుండిపోయాం. ఈయన ఆ వైరుని తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతుంటే నాకు నవ్వాగలేదు." ఇప్పుడూ కొంచెం నవ్వింది. ఆ నవ్వు ఎక్కడ ఆపాలో తెలియక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఈసారీ అంతే అనుకున్నా. మోటారు వేస్తాడు, పడవ కదలదు, మా తమ్ముణ్ణి నాలుగు తిట్టి ఇంటికొస్తాడు. వేడిగా టీ ఇచ్చి పడుకోబెడదామని నీళ్ళు కూడా పెట్టాను. రెండు నెలలయ్యాక నేనే తగిలించేదాన్ని. అందుకే పాడవకుండా ప్లాస్టరు చుట్టాను."

బయట జీపు వచ్చి ఆగింది. డిటెక్టివ్ వెనక్కి తిరగలేదు.

"ఇప్పుడు చెప్పండి," అంది వితంతువు. ఆమె గొంతు గట్టిపడింది. "ఆ వైరు తీసేశాక కూడా పడవ ఉరికిందంటే వాడు లోపల ఇంకెంత తగలేసి ఉండాలి? అక్కని కాబట్టి వదిలెయ్యాలా? కోర్టులో నేనే చెప్తా. నా తమ్ముడే నా మొగుణ్ణి చంపాడని చెప్తా."

ఇన్‌స్పెక్టరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"మీ తమ్ముడు ఒప్పుకున్నాడమ్మా," అంది డిటెక్టివ్. అంతకంటే దగ్గరి దారి ఆమెకి దొరకలేదు. "ఆకుపచ్చ వైరు తను సరిగ్గా బిగించలేదన్నాడు. ప్లాస్టరు చుట్టింది కూడా తనేనన్నాడు."

"ప్లాస్టరా? వాడా?" వితంతువు విసుక్కుంది. "వాడెప్పుడు చుట్టాడు? నేను కదా చుట్టింది."

"అవును."

"మరి వాడెందుకలా చెప్పాడు?"

డిటెక్టివ్ చూపు ప్లాస్టరు చుట్ట మీదికి పోయింది. నలభై రకాల నేరస్తులకి నలభై రకాలుగా నిజం చెప్పిన మనిషికి, ఈ ఒక్కదానికి మాట పెగల్లేదు.

వితంతువు ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. "మీరు చెప్పండి బాబూ. ఆకుపచ్చది తీస్తే పడవ కదలకూడదు కదా? ఆ మోటారైనా ఈ మోటారైనా అవే వైర్లు కదా?"

ప్రతిదానికీ ముందే జవాబు పట్టుకుని తిరిగే ఇన్‌స్పెక్టరు గోడకున్న మేకుని చూస్తూ ఉండిపోయాడు.

"మూత ఎత్తి చూశాడా వాడు?" అంది ఆమె. గొంతు చాలా చిన్నదైపోయింది. "పడ్డాక... వచ్చి, చూశాడా?"

"చూశాడు," అంది డిటెక్టివ్.

వితంతువు తన కుడిచేతి వేళ్ళని విప్పి, ఎవరివో అన్నట్టు చూసుకుంది. ఆ చేతినే గుమ్మం దగ్గర తమ్ముడి గుండెల మీద పెట్టి వెనక్కి నెట్టింది. మెట్ల మీద పడ్డవాడు లేచి, దుమ్ము దులుపుకుని, ఒక్క మాట తిరిగి అనకుండా వెళ్ళిపోయాడు. అప్పుడు అది పొగరనుకుంది.

"మీకు తెలీక చేశారు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. అంత మెత్తగా మాట్లాడ్డం అతనికి కొత్త. "అది... నేను రాసేది అలాగే రాస్తాను."

ఆమె వినలేదు. నేలకి చెయ్యి ఆనించి లేచింది. మాత్రల పొట్లాలు కాలికి తగిలి చెదిరిపోయాయి, సీసా ఒకటి దొర్లుకుంటూ గోడ దాకా పోయింది. డిటెక్టివ్ లేచి పట్టుకోబోయింది. ఆమె ఆ చేతిని తప్పించుకోలేదు, పట్టుకోనూలేదు. ఇన్‌స్పెక్టరు గుమ్మంలోంచి పక్కకి తప్పుకున్నాడు.

వీధిలో ఎడమకి తిరిగితే రేవు, కుడికి తిరిగితే స్టేషన్. చెప్పులు వేసుకోకుండా, తలుపు వెయ్యకుండా, వెనక్కి చూడకుండా ఆమె కుడివైపు నడిచి వెళ్ళిపోయింది.